ఆయన్ను డ్రోనుతో వెతికించాం

"కూరలో ఉప్పెక్కువైంది."

"ఉప్పు కూరలో లేదు, నీ నాలిక మీదుంది. తింటే తిను, లేకుంటే పో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన తినకుండానే పోయాడు. మధ్యాహ్నం మేం కౌలుకు చేస్తున్న రొయ్యల గుంట గట్టు మీద గుండె ఆగి పడిపోయాడు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళను అడిగితే అందరి మొగుళ్ళూ ఆఖర్న "దేవుణ్ణి నమ్ముకో" అనే పోయినట్టు చెబుతారు. నేనూ ఒక ఏడాది అట్లాగే చెప్పాను. ఇక చాలు. ఆ పూట ఉప్పు నిజంగానే ఎక్కువ పడింది, అది కూడా రాయి. నా చదువు సంతకం దాకానే కాబట్టి మా చెల్లెలి కూతురి చేత రాయిస్తున్నాను. నవ్వకుండా రాయి, అమ్మాయ్.

మా ఊరు ఇందుకూరుపేట దాటాక సముద్రం వైపు. చర్చి వెనక సమాధుల తోట. తోట అని పేరే గాని ఉన్నదంతా ఇసుక, ఒక పక్క సరుగుడు తోపు, ఇంకో పక్క వేరే ఆసామి రొయ్యల గుంటలు. ఆయన్ను పూడ్చిన మరుసటి ఏడు వాయుగుండం పట్టి వారం రోజులు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే దిబ్బలు సగం కరిగిపోయాయి, గుంటల వైపైతే ఆనవాలే లేకుండా చదునైపోయింది. చెక్క సిలువలన్నీ తేలిపోయి సరుగుడు తోపు మొదట్లో గుట్టగా పడి ఉన్నాయి. చర్చి కాపలా ముసలాయన వాటిని ఏరుకొచ్చి, చూడ్డానికి బాగుంటుందని, కనిపించిన దిబ్బల మీద వరసగా నాటేశాడు. పేర్లు చెరిగిపోయాయి. ఉన్నా నాకు తెలిసేది లేదు. సమాధుల పండుగ వచ్చేసరికి ఎవరికి నచ్చిన దిబ్బ వాళ్ళు పట్టుకుని సున్నం కొట్టేశారు. నేను రెండో వరసలో ఒకటి పట్టుకున్నాను. ఐదేళ్ళు తెల్లారుజామునే పోయి దాని ముందు కొవ్వొత్తి పెట్టి, కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయిపోయాక తిట్టాను. అప్పుడప్పుడు అక్కడ ఇంకో కొవ్వొత్తి కరిగిన గుర్తు కనిపిస్తే, స్త్రీల సమాజం వాళ్ళు పెట్టారేమోలే అనుకునేదాన్ని.

పక్క ఆసామి గుంట గట్టు ఏటేటా మా వైపు జరగడం మొదలైంది. గోడ కట్టాలన్నారు పెద్దలు. కట్టడానికి ముందు సమాధులు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలతలతో పటం ఉండాలన్నారు. పెద్దలే ఒక డ్రోను అతన్ని పిలిపించారు. పెళ్ళిళ్ళు తీసే అతను. వచ్చి, ఎగరేసి, వారం తర్వాత ఒక వీడియో పంపాడు. సమాధుల తోట మీద సూర్యుడు లేస్తున్నాడు, వెనక సన్నాయి మోగుతోంది, నేను చీపురు పట్టుకుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నడిచొస్తున్నాను, చుట్టూ పూలు రాలుతున్నాయి. ఊరంతా చూసింది. కొలత మాత్రం ఒక్కటీ లేదు.

ఈసారి పని స్త్రీల సమాజం నా మీద పెట్టింది. నోరుంది కదా అని. నెల్లూరులో పొలాలు, చెరువులు కొలిచే పైలెట్ ఉన్నాడంటే ఫోన్ చేశాను.

"నాయనా, నువ్వు పెళ్ళిళ్ళు తీస్తావా?"

"తియ్యనమ్మా. కొలతల పనే."

"నీ దాంట్లో సన్నాయి వస్తాదా?"

"రాదమ్మా."

"మంచిది. మనుషులు ఏమన్నా చెయ్యాల్నా?"

"కదలకుండా ఉంటే చాలమ్మా."

"మావాళ్ళు కదలరులే, వచ్చెయ్."

నలభై ఏళ్ళ మనిషి, టోపీ పెట్టుకుని వచ్చాడు. ముందు ఫోనులో ఏదో పటం తెరిచి చూశాడు. "శ్రీహరికోట పక్కనైతే అడుగు ఎత్తు కూడా లేపనియ్యరమ్మా. ఈడ పచ్చగా చూపిస్తా ఉంది, ఎగరెయ్యచ్చు" అన్నాడు. నలుపు తెలుపు గళ్ళ పలకలు నాలుగు మూలలా పరిచాడు. పొడుగాటి కర్ర నిలబెట్టి ఒక్కో పలకనూ కొలిచాడు. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీస్తే నీడలో మిట్టా పల్లం తెలుస్తాయట, అందుకని పొద్దున్నే మొదలుపెట్టాలన్నాడు. "ఎవురి సమాధి మీద వాళ్ళు సున్నంతో పెద్ద గుర్తు పెట్టండమ్మా, పైకి కనపడాల" అన్నాడు.

నేను బకెట్టు తీసుకుని నా దిబ్బ దగ్గరికి పోయాను. బడ్డీకొట్టు నడిపే ఆమె, ఆమె కూడా మొగుడు పోయిన మనిషే, అప్పటికే అక్కడ ఒంగి సున్నం పోస్తోంది.

"ఏందొదినా, మా ఆయన మీద పోస్తా ఉండావు?"

"మీ ఆయనేంది? ఈయన నా మొగుడు."

"నీ మొగుడైతే ఐదేళ్ళ నించి నేను పెట్టిన కొవ్వొత్తులు ఎవురికి?"

"ఓయమ్మ! నువ్వా పెట్టేది? స్త్రీల సమాజం అనుకున్నా గదా!"

"నేనూ అట్లనే అనుకున్నా."

నేను తెల్లారుజామున పోతాను, ఆమె కొట్టు కట్టేశాక సాయంత్రం పోతుంది. ఐదేళ్ళు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఇద్దరం బకెట్లు పట్టుకుని అరుచుకుంటుంటే పైలెట్ దూరం నుంచి కేకేశాడు. "అమ్మా, ఎవురో ఒకరు పక్కకు రండి, పొద్దు పైకొస్తాంది!" ఇద్దరిలో ఒక్కరం కూడా కదల్లేదు. అందుకే ఆ పటంలో ఇప్పటికీ రెండో వరసలో రెండు నెత్తులు కనిపిస్తాయి.

డ్రోను లేచి, దుక్కి దున్నినట్టు సాలు పక్కన సాలుగా తోటంతా తిరిగి దిగింది. రెండు రోజులకు అతను కంప్యూటరుతో వచ్చి చర్చి వసారాలో కూర్చుని చూపించాడు. తవ్వి పూడ్చిన చోట ఇసుక మెల్లగా కుంగుతుందట. ఆ పల్లాలన్నీ నీలం రంగులో, పలకల్లాగా, వరసలు వరసలుగా కనిపించాయి. సిలువలు ఒక దారి, మనుషులు ఒక దారి.

పాస్టరు అయ్యగారు సమాధుల పుస్తకం తెచ్చి పేర్లు చదివారు. రెండో వరసలో మేం కొట్లాడుకున్న దిబ్బ బడ్డీకొట్టు ఆమె భర్తది.

"ఐదేళ్ళు నా మొగుణ్ణి తిట్టినావా వదినా?"

"తిట్టినా. ఒక్కదానికీ ఎదురు చెప్పలా. మా ఆయన కాదని అప్పుడే తెలుసుకోవాల్సింది."

మరి నా మనిషి ఎక్కడ? తూర్పు వరస, చివర, అని పుస్తకంలో ఉంది. తూర్పున వరసే లేదే, అదంతా గుంటలకు పోయే బండ్ల బాటే కదా అన్నారు పెద్దలు. పైలెట్ ఆ చోటును పెద్దది చేసి చూపించాడు. బాట కింద ఏడు నీలం పలకలు. "ఈ చివరిది మిగతావాటికన్నా మూరెడు పొడుగుందమ్మా. ఎందుకో మరి" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. మా ఆయన తాడిచెట్టు. పూడ్చే రోజు పెట్టె గోతిలో పట్టలేదు. తల వైపు దిగింది, కాళ్ళ వైపు పైకే ఉండిపోయింది. మళ్ళీ పైకి లాగి ఇంకో మూర తవ్వారు. ఆ తవ్వేంతసేపూ ఏం చెయ్యాలో తోచక సంఘమంతా ఒకే పాటను మూడుసార్లు పాడింది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడ్చాననే అనుకున్నారు.

దొరికాడు. కానీ గోడ గీత కూడా అదే పటం మీద ఎర్రగా ఉంది. ఏడుగురిలో ఆరుగురు లోపల. ఈయన బయట. మా స్థలం హద్దురాయి ఇంకా అవతలే ఉంది గాని గట్టు దాన్ని మింగేసింది. ఆసామితో తగవెందుకని పెద్దలు గోడ గీతను ముందే లోపలికి జరిపేశారు.

"ఒక్క మనిషి కోసం గోడ వంకర తిప్పలేము వదినా. ఎవురు యాడుండారో దేవునికి తెలుసు గదా" అన్నాడు పెద్దాయన.

"దేవునికి తెలుసు. రేపు ఆ గట్టు జరిపే మిషనుకు తెలవద్దా?"

పైలెట్‌ను అడిగాను, నువ్వన్నా చెప్పు నాయనా అని. "హద్దు ఎవురిదో చెప్పడం నా పని కాదమ్మా. ఉండేది ఉన్నట్టు కొలిచి ఇస్తా" అన్నాడు. అయినా ఆ మూల మటుకు పెద్ద కాగితం మీద వేరుగా తీసి నా చేతిలో పెట్టాడు.

మరునాడు మేస్త్రీ దారం కట్టడానికి వచ్చేసరికి నేను వెళ్ళి ఆ చివరి చోట కూర్చున్నాను. బడ్డీకొట్టు ఆమె కొట్టు మూసేసి వచ్చి పక్కన కూర్చుంది. "నా మొగుడికి ఐదేళ్ళు దీపం పెట్టినావు, నీ మొగుడికి నేను ఒక పూట కూర్చోలేనా" అంది. కాసేపటికి గుంట ఆసామి మేత బస్తాల బండి తోలుకుంటూ అదే బాటన వచ్చి హారను కొట్టాడు. మేం లేవలేదు. దిగి వచ్చాడు. నేను కాగితం పరిచాను.

"చూడు నాయనా. ఈ పొడుగుది నా మొగుడు. ఈ రెండు గీతలు నీ బండి చక్రాలు. సరిగ్గా నడుం మీద పోతా ఉండావు."

ఒంగి ఆ గీతలు చూశాడు. చెప్పులు విడిచాడు. "ఈడ మనుషులుండారని ఎవురూ చెప్పలేదే అక్కా! చచ్చినోళ్ళ మీద బండి తోలే వంశం కాదు మాది" అన్నాడు. బండి వెనక్కి తిప్పాడు. వారంలోపే ఆ మూల గట్టు వెనక్కి లాగించాడు. హద్దురాయి బయటపడింది. దాంతో పెద్దలకు చెప్పడానికి సాకు లేకుండా పోయింది. గోడ ఇప్పుడు ఆ మూల మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంది. ఆయన లోపల ఉన్నాడు.

ఆ వంపు కట్టే రోజున పెద్దాయన అడిగాడు. "పక్కన నీకు కూడా జాగా వదలమంటావా వదినా? ఇప్పుడైతే ఇంకో నాలుగు అడుగులు కలుపుతాం."

ఆ మాట నన్ను ఎవరూ అంతకుముందు అడగలేదు. పక్కనే పడుకుంటానని నాకు నేనే అనుకున్నాను. అవతల గుంటలో నీళ్ళు చిలికే మోటార్లు మోగుతున్నాయి. ముప్పై ఏళ్ళు ఆయన గురక విన్న దాన్ని, అదేం లెక్క కాదు. ఖాళీ ఉన్నది ఆయన కుడి పక్కనే. ఎడమ చెవి ఆయనకు వినపడదు, కుడిది బాగా వినిపిస్తుంది.

"వదలండి" అన్నాను.

అంతే, అమ్మాయ్. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నా తిట్లు ఎక్కడన్నా నువ్వు మెత్తగా చేసి ఉంటే నాకు తెలిసిపోతుంది. చదువు.