ఐసమ్మకు కప్పిన రెండు రగ్గులు

ఆ వీధిలో అతన్ని బట్టీ అనేవాళ్ళు, అతని పెళ్ళాన్ని ఐసమ్మ అనేవాళ్ళు. అసలు పేర్లు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేవు. అతను ముప్ఫై ఏళ్ళు బేకరీలో బట్టీ ముందు నిలబడి రొట్టెలు కాల్చాడు. ఆమె అన్నేళ్ళూ కోల్డ్ స్టోరేజీలో పళ్ళ పెట్టెలు సర్దింది. అతను ఒళ్ళంతా ఉడికిపోయి ఇంటికొచ్చేవాడు, ఆమె వేళ్ళు కొంకర్లు పోయి వచ్చేది. ఇంకేముంది, ఉన్న ఒక్క గదిలో, ఉన్న ఒక్క కిటికీ దగ్గర రోజూ యుద్ధమే.

"అన్నీ బిడాయించుకుని కూచుంటావేంటే, గాలాడక ప్రాణం పోతోంది!" అని అతను తెరిచేవాడు.

"నీ ఒంట్లో నిప్పులు పోసుకొచ్చి నన్ను చలికి చంపుతావా? మూస్తావా, నన్ను లేవమంటావా?" అని ఆమె మూసేది.

ఎక్కువసార్లు అతనిదే గెలుపు. గొంతు పెద్దది కదా మరి! ఆమె గొణుక్కుంటూ దుప్పటి అంచు ఎడం చేత్తో పట్టుకుని మెడదాకా లాక్కునేది. నిండు వేసవిలో కూడా అంతే. వీధి వీధంతా నవ్వుకునేది. అప్పుడప్పుడు వాళ్ళూ నవ్వుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అతను బట్టీ పని మానేసి రెండేళ్ళయింది. మానేసిన ఆరు నెలలకే తెల్లవారుజామున అతనికీ చలి వేయడం మొదలైంది. చెబితేనా! ఇన్నేళ్ళ వాదన ఓడిపోతుందని పళ్ళు బిగబట్టి మరీ కిటికీ తెరుచుకుని పడుకున్నాడు. మనవాడి పంతం అలాంటిది.

ఈ వేసవి మొదట్లో, పెట్టెలు సర్దుతూ సర్దుతూనే ఐసమ్మ కుప్పకూలింది. పక్షవాతం. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఆమె చెల్లెలు అతని దగ్గరికొచ్చి, "అక్కని మా ఇంటికి తీసుకెళ్తాను బావా. నేనూ నా కూతురూ ఇద్దరం ఉన్నాం. ఆడమనిషి పనులు నువ్వొక్కడివే ఎలా చేస్తావు?" అంది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. "నా పెళ్ళాన్ని నేను చూసుకోలేనా? నేనుండగా దాన్ని ఎవరింటికీ పంపను" అన్నాడు. నెలాఖరుకి మళ్ళీ వస్తాననీ, అప్పుడు చూద్దామనీ చెప్పి మరదలు వెళ్ళిపోయింది.

ఆ నెలంతా ఆమెని కంటికి రెప్పలా చూసుకున్నాడు, అందులో అబద్ధం లేదు. జావ చెంచాతో పట్టాడు, ఒళ్ళు తుడిచాడు, బట్టలు మార్చాడు. అన్నిటికన్నా ముందు కిటికీ మూశాడు. ఇన్నేళ్ళూ దీన్ని చలికి చంపాను, ఇక చిరుగాలి కూడా తగలనివ్వను అనుకుని కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కాడు. ఫ్యాను కట్టేశాడు. ఆమె కాళ్ళకు మేజోళ్ళు, ఒంటికి స్వెట్టరు, పైన రెండు రగ్గులు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల అతనికి చెమట ధారలు కట్టేది. తుడుచుకునేవాడు కాదు. చేసిన దానికి ఇదే తగిన శిక్ష అనుకుంటే గుండె తేలికపడేది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉండేది.

మధ్యాహ్నం పూట ఐసమ్మ మూలిగేది. బాగున్న ఎడం చేత్తో రగ్గు అంచు పట్టుకుని గుంజేది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న చెయ్యి, అతనికి తెలియదూ! "చలేస్తోందా? ఉండవే, ఉండు" అని రగ్గుని మెడదాకా లాగి అంచులు పరుపు కిందకి దోపేవాడు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారేవి. తన ప్రేమకి కరిగిపోయిందనుకుని అతనూ ఏడ్చేవాడు. కొన్నాళ్ళకి ఆ చెయ్యి గుంజడం మానేసింది. హమ్మయ్య, ఇన్నాళ్ళకి కుదుటపడింది అనుకున్నాడు.

మరదలు రావడానికి ముందు రోజు పొద్దున ఆస్పత్రి నుంచి నర్సు వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

"ఏంటి బాబాయ్, ఇది ఇల్లా కొలిమా?" అంటూ గబగబా వచ్చి రగ్గులు లాగేసింది, స్వెట్టరు విప్పింది, ఐసమ్మని పక్కకి తిప్పింది. వీపంతా చెమటకాయలు. అవి చితికి పుళ్ళు పడి ఉన్నాయి.

"ఇది చూళ్ళేదా నువ్వు?"

"చూశానమ్మా. పడుకుని పడుకుని ఒరుసుకుపోయిందనుకుని పౌడరు రాశాను. దానికి ఎండాకాలంలో కూడా చలే. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే."

"రోజంతా ఐసు గదిలో నిలబడితే నాకైనా చలే బాబాయ్. ఇప్పుడు ఆ గదికి పోవట్లేదుగా!"

బట్టీ వదిలాక తన ఒంటికి జరిగిందే ఆమె ఒంటికీ జరుగుతుందని, ఇంత ముక్క అతనికి తట్టలేదు.

నర్సు పేలికలు పీకి కిటికీ తెరిచింది. ఫ్యాను వేసింది. మంచం మీదకి వంగి, "పిన్నీ, నా మాట అర్థమవుతోందా? అవునంటే ఒక్కసారి కళ్ళు మూసి తెరువు. కాదంటే రెండుసార్లు" అంది.

ఐసమ్మ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

"ఉక్కపోసిందా?"

ఒక్కసారి.

"మరి... చేత్తో గుంజేదానివి కదే," అన్నాడు అతను. "రగ్గు తీసెయ్యమనా?"

ఒక్కసారి.

నెల రోజులు! ఆమెని అడగొచ్చని అతనికి తోచనే లేదు. అడగడం ఎందుకు, తనకంతా తెలుసు కదా! మంచం పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పైపోయిందే. ఇకనుంచి ప్రతిదీ నిన్నడిగే చేస్తాను. రేపు మీ చెల్లెలు తీసుకెళ్తానని వస్తుంది. నువ్వు నా దగ్గరే ఉంటావుగా?"

ఐసమ్మ అతని వంక చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. కళ్ళు మూసి తెరిచింది. అతని మొహం విప్పారింది. ఆమె మళ్ళీ మూసి తెరిచింది.

"రెప్ప ఊరికే పడిందేమో," అన్నాడు నర్సు వైపు చూస్తూ. "మళ్ళీ అడుగుతాను. చెప్పవే, నా దగ్గర ఉంటావా?"

రెండుసార్లే. ఈసారి నెమ్మదిగా, అతను పొరబడటానికి వీల్లేకుండా.

నర్సు తల పక్కకి తిప్పుకుంది. అతను లేచి ఫోను తీశాడు.

"అమ్మాయ్, రేపు బండి మాట్లాడుకునే రా. వెనక మెత్తటి పరుపు వేయించు. మీ అక్క వీపు..." అని, ఫోను అలాగే చెవికి ఆనించుకుని నిలబడిపోయాడు.