తునికాకుల కిటికీ

మా వెనక వీధిలో ఎవరో తలుపులు చేయించుకుంటున్నారు. పొద్దున చాయ్ తాగుతుంటే గాలి ఇటు మళ్లింది. దానితోపాటు టేకు పొట్టు వాసన వచ్చింది, అందులో సన్నగా మాడిన వాసన కూడా. ఈ వాసనను బట్టి కట్టె ఏ అడవిదో, కోసేవాడి వయసెంతో, పొద్దున వాడు ఏం తిని వచ్చాడో కూడా చెప్పగలను నేను. అంత లేదులెండి. రంపం పళ్లు మొద్దుబారాయని, కోయడం మాని కట్టెను రాస్తున్నాయని మాత్రం చెప్పగలను. ఆ ముక్క కూడా కోరుట్లలో లచ్చక్క నేర్పిందే. కప్పు కింద పెట్టి కళ్లు మూసుకున్నాను. జగిత్యాలలో ఉన్న నన్ను ఆ వాసన ఎక్కించుకుని, ఎక్కడా ఆపకుండా, కోరుట్లలో ఒక రేకుల షెడ్డు ముందు దింపింది.

నేను బస్సు డ్రైవర్‌ని. జగిత్యాల నుంచి కోరుట్లకు కళ్లు మూసుకుని బస్సు నడిపినవాణ్ని అని చాలామందికి చెప్పాను, మా కోడలితో సహా. నిజానికి ఒక్కసారి తుమ్ము వచ్చి కళ్లు మూసుకున్నాను, అంతే. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో నా చేతులకు ఏం చేయాలో తోచలేదు. అన్నం తింటూ కంచాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే మా ఆవిడ చూసి, "గది స్టీరింగ్ కాదు, తిను" అనేది. అప్పుడే నా పాత దోస్తు దామోదర్ పిలిచాడు. కోరుట్లలో ఆయనకు మంచాలూ తలుపులూ చేసే దుకాణం ఉంది. ఆదివారం దుకాణం మూసేసి, వెనక షెడ్డులో ఇంకో పని చేస్తాడు. అక్కడ ఒక బల్ల, బల్ల నడుమ చిన్న రంధ్రం, ఆ రంధ్రంలో దారమంత సన్నని బ్లేడు నిలబడి కుట్టుమిషన్ సూదిలా కిందికీ మీదికీ ఆడుతూ ఉంటుంది. స్క్రోల్ సా అంటారు దాన్ని. మేం సన్నరంపం అనేవాళ్లం. పలచని పలక మీద ఏ బొమ్మ గీసినా, ఎన్ని వంపులున్నా, దాని వెంట కోసుకుంటూ పోవచ్చు.

దామోదర్ అక్కడ ఎవరూ అడగని జింకలూ కుందేళ్లూ కోసేవాడు. "ఆరు రోజులు మంది చెప్పింది చేస్త. గీ ఒక్కరోజు నా చెయ్యి చెప్పింది చేస్త" అనేవాడు. సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకు అంజయ్య వచ్చేవాడు. మరమగ్గాల మెకానిక్కు. చీర అంచుల మీది నెమళ్లనూ లతలనూ కాగితం మీద దించుకొచ్చి కట్టెలో కోసేవాడు. ఎవరూ ఏదీ అమ్మేవాళ్లు కాదు. షెడ్డులో ఒకటే కట్టుబాటు, ఒకరు మొదలుపెట్టిన కట్టె మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఎంత తప్పు పోతున్నా సరే, నోటితో చెప్పాలి తప్ప ముట్టకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది లచ్చక్క.

ఆమె పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, ఆకు మీద రేకు ముక్క, చేతిలో కత్తెర. రేకు కొలతకు ఆకును కోసి, పొగాకు పెట్టి చుట్టి, దారం కట్టడం. కోరుట్లలో సగం ఇళ్ల అరుగుల మీద ఆ చాటలే ఉండేవి. ముసలితనానికి సొంతంగా రెండు గదుల ఇల్లు కట్టుకుంది. వంటింటి కిటికీకి చట్రం చేయించుకుందామని దామోదర్ దుకాణానికి వచ్చి, వెనక షెడ్డులో ఈ మిషన్ చూసింది. చట్రం సంగతి మర్చిపోయి అక్కడే కూర్చుంది. పొద్దుగూకేదాకా లేవలేదట. మరుసటి ఆదివారం తన పలక తనే తెచ్చుకుంది.

నేను వెళ్లిన మొదటి రోజు ఇరవై బ్లేడ్లు విరగ్గొట్టాను. సరే, నాలుగు. ప్రతి వంపు దగ్గరా "టప్" మని విరిగేది. వంపు వస్తే నేను ఒళ్లంతా అటు వంచి, భుజం వేసి, కట్టెను బ్లేడు మీదికి నెట్టేవాణ్ని. లచ్చక్క పక్కన స్టూలు మీద కూర్చుని వక్క నములుతూ చూసింది.

"ఏందయ్యా డ్రైవర్ తమ్మీ, ఘాట్ రోడ్డు ఎక్కుతున్నవా?"

"బ్లేడ్లు మంచియి కాదక్కా."

"బ్లేడుకు ఏమైంది, అది ఉన్నకాడనే దుంకుతున్నది పాపం. నువ్వే ఉరుకుతున్నవ్. గంతగనం నూకకు. కట్టెను తిప్పు."

"తిప్పుతనే ఉన్న."

"నువ్వు తిరుగుతున్నవ్, కట్టె తిరుగుతలేదు. గీత కుడికి వంగితే కట్టెను ఎడమకు తిప్పాలె. మేం కత్తెర తిప్పుతమా? ఆకును తిప్పుతం. కత్తెర తిప్పినదాని చాటల సాయంత్రానికి సగం బీడీలు కూడ ఉండయి."

ఉద్యోగమంతా రోడ్డు ఉన్నచోటే ఉంది, దాని మీద నేను తిరిగాను. ఇక్కడ నేను కదలకూడదు, రోడ్డునే మెల్లగా తిప్పి నా దగ్గరికి తెచ్చుకోవాలి. ఈ సంగతి బుర్రకు ఎక్కడానికి ఒక్క క్షణం పట్టింది, చేతులకు ఎక్కడానికి ఒక చలికాలం పట్టింది. ఎక్కిన రోజు మాత్రం చిత్రంగా ఉండింది. మిషన్ చప్పుడు దూరమైపోయింది. బ్లేడు దగ్గర ఎర్రటి పొట్టు చిన్న వాగులా పారుతోంది. నా చేతుల కింద ఒక కొండ మలుపు దానంతట అదే తిరుగుతోంది, నేను కిటికీ పక్క సీట్లో కూర్చున్న ప్రయాణికుడిలా దాన్ని చూస్తున్నాను. ఎన్ని ఊళ్లు తిప్పినా నేను ఎన్నడూ కూర్చోని సీటు అది. కళ్లెత్తి చూస్తే లచ్చక్క వక్క డబ్బీ నావైపు జరిపింది.

ఆమె కోస్తున్నది ఆ వంటింటి కిటికీకే జాలీ. టేకు పలకలో తునికాకులు. ఆకు ఉన్నచోట ఖాళీ, మిగతా అంతా కట్టె. ప్రతి ఆకుకూ ముందు సన్నగా బెజ్జం వేసి, బ్లేడు విప్పి, ఆ బెజ్జంలోంచి ఎక్కించి, మళ్లీ బిగించి, లోపల తిప్పి ఆకును బయటికి తీయాలి. నెలల పని. "బతుకంత ఆకును పలక లెక్క కోసిన. ఇప్పుడు పలకను ఆకు లెక్క కోస్తున్న" అని చెప్పి ఒక పక్క పెదవితో నవ్వేది. తూర్పు కిటికీ అది. పొద్దున ఎండ వస్తే వంటింటి నేల మీద ఆకులు రాలినట్టు పడాలని, వాటి నడుమ కూర్చుని చాయ్ తాగాలని ఆమె కోరిక. "గా ఆకులను ఎవ్వడు కాలవెట్టడు" అనేది.

ఒకసారి అంజయ్య పిలిస్తే లచ్చక్కా నేనూ సిరిసిల్ల వెళ్లాం. ఆయన కోసిన నెమళ్లన్నీ ఇంట్లో గోడలకు పెట్టుకున్నాడు. వాళ్ల వీధంతా మరమగ్గాల చప్పుడు, వాన ఆగకుండా కురుస్తున్నట్టు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నది లచ్చక్క. వేములవాడలో జనం ఎక్కారు. తడి తలలతో, ప్రసాదం పొట్లాలతో. ఒకామె లచ్చక్క మొహం పక్కనే చెయ్యి చాపి కడ్డీ పట్టుకుంది. లచ్చక్క ఉలిక్కిపడింది, ఆ చెయ్యి గాలిలోంచి పుట్టినట్టు.

"అక్కా, ఆమె రావడం చూడలేదా?" అన్నాను.

బస్సు కదిలాక చెప్పింది.

"నీటికాసులట తమ్మీ. కరీంనగర్ డాక్టర్ చెప్పిండు. పక్కలన్ని పోయినయ్. నడుమ ఒక్క బొక్కలకెళ్లి సూసినట్టు కనవడ్తది. గా బొక్క గూడ సన్నబడుతున్నది."

"మందులు?"

"పోయింది రాదట. ఉన్నది కొన్నొద్దులు ఆగుతదట." కిటికీలోంచి బయటికి చూసింది, లేక చూస్తున్నట్టు తల తిప్పింది. "కిటికీ అయిపోయేదాక ఆగితే సాలు. గా ఆకులు నేల మీద పడంగ ఒక్కపారి సూడాలె. ఎవ్వలకు చెప్పకు."

ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు తప్ప. దామోదర్‌కు తప్ప.

కథలాపూర్ దాటేసరికి పొద్దు వాలింది. పొలాల మీద పొగమంచు దిగుతోంది. నా పక్కన ఒక మనిషి తన చూపును పొదుపుగా వాడుకుంటూ కూర్చుంది. మసకలో చెట్లు ఒక్కొక్కటే వచ్చి పోతుంటే, వీటిలో ఆమెకు దొరికేవి ఎన్ని, జారిపోయేవి ఎన్ని అని చూస్తూ వచ్చాను.

చివరి వరస ఆకులకు వచ్చేసరికి ఆమెకు గీత దొరకడం మానేసింది. నల్ల గీతను ఎర్ర గీత చేశాం, లావు చేశాం, దీపం దగ్గరికి జరిపాం. లాభం లేదు. దామోదర్ మెల్లగా అన్నాడు, "చిన్నమ్మా, గీ కొన్ని నేను కోసిస్త. గంటల అయితది. ఎవ్వలకెర్క?"

"నాకెర్క" అన్నది లచ్చక్క.

దామోదర్ లేచి చాయ్ తేవడానికి వెళ్లిపోయాడు. ఆమె పలక మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చుంది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"డ్రైవర్ తమ్మీ, బస్సు ఎనకకు తీసినప్పుడు నీకు ఎనక కనవడ్తదా?"

"కనవడదక్కా. కండక్టర్ ఎనక నిలవడి చెప్తడు. బస్సు మీద చెయ్యితోటి కొడ్తడు. రెండు దెబ్బలు కొడితే రావాలె, ఒక్కటి కొడితే ఆగాలె."

"మరి కొట్టు."

అట్లా మొదలైంది. నా మొహం బ్లేడుకు జానెడు దూరంలో, నా చెయ్యి బల్ల అంచు మీద. "రానియ్ రానియ్, సక్కగ రానియ్, జర లెఫ్ట్, ఇంకింత, ఆగు." ఆమె కళ్లు మూసుకునే కోసింది. సగం కనపడితే మోసం చేస్తుంది, అసలే వద్దు అన్నది. ఆమె వేళ్లు నా మాట వెంట వస్తుంటే, ఏదో పాత స్టాండులో, మసక వెలుతురులో, నా వెనక నిలబడి అరిచిన కండక్టర్లందరూ గుర్తొచ్చారు. వాళ్ల గొంతులను నమ్మి ఎన్ని గోడల అంచుల దాకా వెళ్లానో. ఎదుటి మనిషి నమ్మితే గొంతు ఇంత బరువెక్కుతుందని ఆ షెడ్డులోనే తెలిసింది.

రెండో ఆకు దగ్గర గీత కుడికి వంగింది. "రైట్ తిప్పు" అన్నాను. ఆమె కట్టెను కుడికి తిప్పింది. బ్లేడు గీత వదిలి ఎడమకు పోయింది. నేను మళ్లీ "రైట్, రైట్" అన్నాను, బస్సు గోడకు తగులుతుంటే అరిచినట్టు. ఒక్క దెబ్బ కొట్టాలని తోచేసరికి ఆకు పక్కకు ఒరిగిపోయింది. రోడ్డు కుడికి పోతే స్టీరింగ్ కుడికే తిప్పిన చేతులు ఇవి, వాటి మాటే నోట్లోంచి వచ్చింది. మొదటి రోజు ఆమె నేర్పిన పాఠమే ఆమె కిటికీ మీద తప్పాను.

మిషన్ ఆపింది. వేలితో ఆ అంచును తడిమింది.

"నువ్వు చెప్పినట్టే తిప్పిన కదా."

"తప్పు నాదే అక్కా. కొత్త పలక తీసుకుందాం, మొదటికెళ్లి కోద్దాం."

"నా కండ్లు మొదటికెళ్లి అస్తయా?" కాసేపు వేలు అక్కడే ఉంచింది. తర్వాత ఆ పక్క పెదవి లేచింది. "తునికి చెట్టు కాడికి పోయి సూడు. వంకర లేని ఆకు, పురుగు తినని ఆకు ఒక్కటి దొరికితే నాకు తే. కొట్టు, రెండు దెబ్బలు."

దామోదర్ మూడు చాయ్‌లతో తిరిగివచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మేం అయ్యేదాకా లోపలికి రాలేదు. చాయ్ చల్లారిపోయింది.

జాలీ బిగించిన మరునాడు పొద్దున్నే లచ్చక్క వంటింట్లో ఉన్నాం, ఆమె, నేను, దామోదర్. ఆమె నేల మీద కూర్చుంది. ఎండ వచ్చింది. ఈ ఘట్టం నేను చాలాచోట్ల చెప్పాను. ఆమె అరచేత్తో నేలను తడుముతూ, వెచ్చగా ఉన్నచోటల్లా "గిదొక ఆకు, గిదొక ఆకు" అని ఒక్కొక్కటీ పట్టుకుందనీ, వంకర ఆకు దగ్గర ఆగి "గిది నీది తమ్మీ" అన్నదనీ. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అట్లా ఏం జరగలేదు. అంత చిన్న ఎండ ముక్క అరచేతికి తెలియదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు కాక నేల వైపు మొహం పెట్టి, తలను కొంచెం కొంచెంగా అటూ ఇటూ తిప్పింది, ఉన్న ఆ సన్న బొక్కలోకి ఏదైనా వస్తుందేమోనని.

"పడ్డయా?"

"పడ్డయక్కా."

"నాకు ఎలుతురైతే తెలుస్తున్నది. ఆకు తెలుస్తలేదు." గొంతు మామూలుగానే ఉంది. "ఎట్లున్నయో చెప్పు. నీ బస్సు కతల లెక్క చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

బంగారం అనబోయాను, మానుకున్నాను. ఎండ పసుపు కాదు, పలచని చాయ్ రంగులో ఉంది. ఆకులు జాలీలో ఉన్నంత లేవు, సాగి ఉన్నాయి. మొదటివి పొయ్యి గట్టు మీద విరిగి, మిగతావి నేల మీదికి దిగాయి. అంచులు కొట్టొచ్చినట్టు లేవు, మసకగా ఉన్నాయి. ఒకటి ఆమె పాదం మీద ఉంది. వంకరది గోడకు దగ్గరగా ఉంది, దూరం నుంచి చూస్తే తెలుస్తుంది. ఇవన్నీ అట్లాగే చెప్పాను, అంత నిదానంగా నేనెన్నడూ ఏదీ చెప్పలేదు. ఆమె పాదాన్ని కదపకుండా విన్నది.

"గట్లనా" అన్నది చివరకు. "అయితే మంచిగనే అచ్చినయ్."

చాయ్ పెట్టమని దామోదర్‌కు చెప్పింది.

ఆ తర్వాత నేను చాలా ఆదివారాలు ఆమెకు చెబుతూ గడిపాను. అంజయ్య కొత్త నెమలి మెడ ఎక్కడ వంగిందో, దామోదర్ కుందేలుకు ఒక చెవి ఎందుకు పొట్టిగా వచ్చిందో. ఇంట్లో, బజారులో, నేనింకా పెంచి చెప్పేవాణ్నే, మానలేదు. కానీ చూడలేని మనిషికి చెప్పేటప్పుడు మాత్రం నా నోరు దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆ అలవాటు ఒంట్లో ఉండిపోయింది.

పోయిన వానాకాలంలో లచ్చక్క చనిపోయింది. మీలో ఎవరూ ఆమెను చూడలేదు, ఇక చూడలేరు. అందుకే ఇక్కడ పెంచిన చోటల్లా నాలుక కరుచుకుని దిద్దుకుంటూ వచ్చాను. ఆమె పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కన్నా కొంచెం కిందికి ఉండేది. కుడి బొటనవేలికి కత్తెర కాయ కాచి ఉండేది, చివరిదాకా పోలేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకునేది, వద్దన్నవాళ్లను తిట్టేది. కట్టె మీద చేతులు పెట్టినప్పుడు, నిద్రపోయే పిల్ల వీపు మీద పెట్టినట్టు పెట్టేది.