పెద్దాయనకి టికెట్ రాలేదు

ఏడుసార్లు పార్లమెంటుకి గెలిచిన పెద్దాయన పేరు ఈసారి పార్టీ ప్రకటించిన అభ్యర్థుల్లో లేదు. టీవీలో ఆ వార్త విని ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పైకి మాత్రం దిగులుగా మొహం పెట్టాడు. ఇన్నేళ్ల రాజకీయంలో ఆ మాత్రం విద్య అబ్బకుండా ఉంటుందా?

"హమ్మయ్య అనుకుంటున్నారు కదూ?" అంది భార్య.

"మెల్లగా మాట్లాడు. బయట జనం ఉన్నారు."

ఆ జనమే కొంప ముంచేలా ఉన్నారు. ఆయన చొక్కాలు కుట్టే టైలరు వాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి పార్టీ ఆఫీసు గేటు ముందు బైఠాయించాడు. పెద్దాయన గుండెల్లో రాయి పడింది. నాకు టికెట్ వద్దని వాళ్లకి కబురు పంపాడు. నమ్మితేగా! వాళ్ల తప్పు కూడా కాదది. వంతెన అడిగినా, బదిలీ అడిగినా 'చూద్దాం' అనడమే తప్ప ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. కొన్ని నిజంగానే చూశాడు కూడా, పాపం. అలాంటి మనిషి వద్దంటే అలిగాడనే అనుకున్నారు.

సాయంత్రం వాళ్లంతా వచ్చి హాల్లో కూర్చున్నారు. అప్పుడే పార్టీ అధ్యక్షుడి ఫోన్. చెవి సరిగా వినపడక పెద్దాయన స్పీకర్లో పెట్టాడు.

"మీవాళ్ల గొడవ చూశాం. టికెట్ మీకే ఇస్తున్నాం."

"నాకొద్దండీ."

"సరే, మంత్రి పదవి సంగతీ ఆలోచిద్దాం లెండి."

బేరమనుకున్నాడు మహానుభావుడు. పెద్దాయనకి చెమటలు పట్టాయి. ఇప్పుడు నీళ్లు నమిలితే ఇంకో ఐదేళ్లు తప్పదు. ఎవరు వింటే ఏమైందని చెప్పేశాడు.

"నాకు మతిమరుపు వస్తోందండీ. మొన్న సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ అది ఏ బిల్లో మర్చిపోయాను. నోట మాట రాక నిలబడిపోతే, ఏదో గొప్ప మాట అనబోతున్నానని మనవాళ్లు బల్లలు చరిచారు. మళ్లీ అక్కడ లేచి నిలబడాలంటే భయంగా ఉంది."

"ఆరోగ్యం చూసుకోండి" అని అధ్యక్షుడు ఫోన్ పెట్టేశాడు.

బరువు దిగిందిగానీ, జనం మొహాలు చూడ్డానికి పెద్దాయనకి సిగ్గేసింది. టైలరు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మాకు తెలుసన్నా. ఆరోజు టీవీలో మేమూ చూశాం."

"తెలిసీ ఎందుకయ్యా ఈ గొడవంతా?"

"మీ పేరు తీసేస్తే అడిగే దిక్కు లేదని మీకు అనిపించకూడదని. అంతేగానీ, నిజంగా ఇస్తారని ఎవరనుకున్నారు? ఆయన ఇస్తామనగానే మాకు పై ప్రాణాలు పైనే పోయాయి."