పడవలు కట్టేసుకోమన్న సూచన

సెప్టెంబరు నెలలో, ఉత్తర కార్తెలో, మా ఊళ్లో గడ్డకట్టే చలి వస్తుందని ఒక విత్తనాల కంపెనీ ఫోనుకు రాసి పంపింది. ఆ మాట నమ్మి ఒక ఆడమనిషి తన మిరపనారు మీద టార్పాలిన్ పట్టాలు కప్పింది. నారు ఉడికి చచ్చిపోయింది. కంపెనీ నోరు మెదపలేదు. ఊరు మాత్రం ఆమెను చూసి నవ్వింది. జరిగిన అన్యాయం ఇది. తక్కినదంతా దీని వెనకాల చెబుతాను.

ఆమె మా పక్కింటి మనిషి. వరసకు నాకు కూతురవుతుంది. మొగుడు పోయాక ఎకరన్నర కౌలుకు తీసుకుని ఏటా మిరప వేస్తుంది. బయట నర్సరీల్లో నారు కొనదు. విత్తనం తెచ్చి, చేను మూల మడి కట్టి, తన నారు తనే పోసుకుంటుంది. చదువు రాదు. విత్తనం ప్యాకెట్టు కొన్నప్పుడు ఫోన్ నంబరు ఇస్తే వాన సంగతులు, పురుగు సంగతులు కంపెనీ తెలుగులోనే పంపుతుంది. అవి వచ్చినప్పుడల్లా ఫోను పట్టుకుని మా ఇంటికి వస్తుంది. చదివిపెట్టేది నేను.

నేనూ బడికి పోయినవాణ్ణి కాను. చిన్న వయసులో రోడ్డు పనిలో కంకర కొట్టేటప్పుడు మైలురాళ్ల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ‘మాచర్ల’ తొందరగానే వచ్చింది. ‘పిడుగురాళ్ల’ పట్టుబడటానికి నెల పట్టింది. రాయి మీద పన్నెండు అని ఉంటే పన్నెండే నడిచాను, ఒక్కనాడూ అది నన్ను మోసం చేయలేదు. అందుకే, రాసి ఉన్న మాటంటే నాకు ఈనాటికీ భక్తి. ఆ భక్తే ఆమె కొంప ముంచింది.

ఆ రోజు పొద్దున్నే వచ్చింది. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు.

“పెదనాన్నా, ఏందో వచ్చింది చూడు. ఇందాకటి నుంచి టింగు టింగు మంటంది.”

కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాను. “శరదృతువు ఆరంభ వాతావరణ సూచన. ఉత్తరపు గాలి బలపడుతుంది. రాబోయే రెండు రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోవచ్చు. లేత మొక్కలను మందంగా కప్పండి. పగటిపూట కూడా కప్పు తీయవద్దు. తీరం వెంట పొగమంచు దట్టంగా ఉంటుంది. పడవలను ఒడ్డున గట్టిగా కట్టేసుకోండి.”

“సున్నా అంటే ఎంత పెదనాన్నా?”

“నీళ్లు గడ్డకట్టేంత అమ్మాయ్.”

ఆమె ఆకాశం వైపు చూసింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. చొక్కా నా వీపుకు అంటుకుని ఉంది.

“ఈ ఉక్కలోనా? మరి పడవలంటన్నారేంది?”

“అది మనక్కాదులే. బందరోళ్లకి, బాపట్లోళ్లకి. వదిలెయ్.”

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మా సంగతి చెప్పాలి. మా పల్నాడులో సముద్రం లేదు. సముద్రం చూడాలంటే బస్సెక్కి పూటంతా పోవాలి. అయినా రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు మమ్మల్ని కోస్తాలోనే కలిపేస్తారు. మా నేల చూస్తే బండలు, మా బావులు చూస్తే అడుగంటినవి, మా పేరు మాత్రం కోస్తా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వాన వస్తుందనే కబురుతోపాటు ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అని కూడా వింటూనే ఉన్నాం. బియ్యంలో రాయి ఏరేసినట్టు ఆ ఒక్క మాట ఏరేసి మిగతాది నమ్మడం మా ఇళ్లల్లో అందరికీ అలవాటు. ఎన్నో ఏళ్లుగా ఆ అలవాటు మాకు చెరుపు చేయలేదు. అందుకని ఆ రోజు కూడా పడవలు పక్కన పడేసి, చలిని నెత్తికెత్తుకున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. కిందటేడు కల్లంలో కాయలు ఆరబోసి ఉండగా వాన వస్తుందని ఆ కంపెనీయే రాసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈమె ఒక్కతే కుప్ప మీద పట్టాలు కప్పింది. నవ్వినవాళ్ల కాయ తడిసి రంగు పోయింది, ఈమె కాయ నిలబడింది. అలాంటి కంపెనీ మాటను ఎట్లా కాదంటుంది?

ఆ పట్టాలే తెచ్చింది. ఒక కొస నేనే పట్టుకున్నాను. అంచుల మీద రాళ్లు పెట్టాం. రాత్రి చలి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం మడి దగ్గర నిలబడి అడిగింది.

“తీద్దామా పెదనాన్నా? నాకు మనసొప్పటం లేదు.”

“పగలు కూడా తియ్యొద్దని రాశారమ్మా.”

ఆ మాట అన్నది నేనే. దాచను.

మూడో రోజు పొద్దున పట్టా ఎత్తితే గోంగూర ఉడికిన వాసన కొట్టింది. నారంతా గోధుమరంగు తిరిగి నేలకు అతుక్కుపోయింది. ఆమె ఏడవలేదు. ఒక మొక్కను పెరికి అరచేతిలో పెట్టుకుని, “చలి రాలా పెదనాన్నా,” అంది. అంతే.

టీ బంకు దగ్గర ఎగతాళి మొదలైంది.

“ఏమ్మా, నారుకి స్వెట్టర్ వేశావంటగా!”

“మఫ్లర్ కూడా చుట్టాల్సిందిరా, చెవుల్లోకి గాలి పోయుంటది!”

“ఒరేయ్, చదివి చెప్పింది నేను. నవ్వితే నన్ను చూసి నవ్వండి,” అన్నాను. నన్ను చూసి నవ్వలేదు. ముసలాణ్ణి చూసి నవ్వితే మజా ఏముంది?

నవ్వుతో పోతే ఇది రాసేవాణ్ణి కాదు. పొలం ఆసామి ఆమెను పిలిపించాడు. నేనూ వెంట పోయాను.

“ఎండలో పట్టా కప్పే మనిషికి నా పొలం ఎట్టా ఇచ్చేది? వచ్చే ఏడు వేరేవాళ్లకి ఇస్తన్నా,” అన్నాడు.

“తప్పు కంపెనీది,” అన్నాను.

“ఆ మాట కంపెనీ చెప్పిందా పెద్దాయనా? కాయితం ఉందా?”

“తెస్తా.”

“తే. తెస్తే ఆమెకే ఇస్తా. నా మాటకి తిరుగులేదు.”

నరసరావుపేటలో ఫోన్లు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడు. ఆమె ఫోను ఆయన దగ్గర కొన్నదే. మెసేజ్ కింద నీలంగా ఉన్న అక్షరాల మీద నొక్కితే బొమ్మ ఒకటి తెరుచుకుంది. ఆయన దాన్ని వేళ్లతో పెద్దది చేసి, కింద ఇంగ్లీషులో ఉన్న ఊరి పేరు చదివి, నోరు తెరిచాడు.

“బాబాయ్, ఇది మనది కాదు. మన దేశమే కాదు. ఉత్తరాన చివరాఖర్న, చలి సముద్రం ఒడ్డు. వాళ్లకి సెప్టెంబరుకే గడ్డకట్టుద్ది.”

“మరి మాకెందుకు పంపారయ్యా?”

“ఈ కంపెనీ అన్ని దేశాల్లోనూ విత్తనం అమ్ముద్ది, మిషనే తెలుగు చేసి పంపుద్ది. ఆ మిషన్లో ఎవరో ఆ ఊరికి మన జిల్లా పేరు తగిలించుంటారు. మన సూచన వాళ్లకి పోయిందేమో! నెత్తిన తడి తువ్వాలేసుకోండి, వడదెబ్బ తగులుద్దని!”

నవ్వొచ్చింది. కానీ ఆ బొమ్మ చూశాక ఆగిపోయింది. బూడిదరంగు సముద్రం, పొట్టి ఇళ్లు, తెల్లబడ్డ గడ్డి, ఒడ్డున మోకులతో కట్టేసిన పడవలు. అక్కడ కూడా ఎవరో ఒకరు ఈ సూచన చదివి తన మడి కప్పి ఉంటారు. వాళ్ల మొక్కలు బతికి ఉంటాయి. అంటే రాసింది అబద్ధం కాదు. మాచర్ల దారిలో పాతాల్సిన రాయిని చిలకలూరిపేట దారిలో పాతితే తప్పు రాయిదా, నమ్మి నడిచినవాడిదా? పాతినవాడిది. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి వాళ్లకేం అడ్డం?

ప్యాకెట్టు మీది అడ్రసుకు ఉత్తరం రాశాను. జవాబు ఆమె ఫోనుకు వచ్చింది. ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.’ రెండోది రాశాను. “నేను అభిప్రాయం చెప్పలేదు, మీరు చేసిన తప్పు చెప్పాను. తెలుగులో, మనిషి సంతకంతో జవాబు కావాలి.” ఈసారి కంపెనీ నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు.

“సార్, సూచన అనేది అంచనా మాత్రమే సార్. రైతులు లోకల్‌గా పరిస్థితి చూసుకోవాలని కండిషన్స్‌లో ఉంది సార్.”

“ఆ కండిషన్లు ఏ భాషలో ఉన్నయ్ నాయనా?”

“ఇంగ్లీషులో సార్.”

“తప్పు మాటేమో తెలుగులో, తప్పించుకునే మాటేమో ఇంగ్లీషులోనా?”

ఫోను పెట్టేశాడు.

ఈలోగా ఆమె ఊరికే కూర్చోలేదు. చుట్టుపక్కల నాటగా మిగిలిన నారు గుప్పెడు గుప్పెడు అడిగి తెచ్చి నాటింది. సాలుకో రకం, ఒక్కో మొక్క ఒక్కో ఎత్తు. ఎరువుకొట్టు దగ్గర ఎదురుపడినప్పుడల్లా ఆసామి నన్ను గోకేవాడు. “ఏంది పెద్దాయనా, కాయితం వచ్చిందా? చలికి దార్లో గడ్డకట్టిందా?”

మూడో ఉత్తరం నాలుగు పేజీలు రాశాను. మైలురాయి సంగతి రాశాను. తీద్దామా అని ఆమె అడిగితే వద్దన్నది నేనేనని రాశాను. నా తప్పు నేను సంతకం పెట్టి ఒప్పుకుంటున్నాను, మీది మీరు ఒప్పుకోండి అన్నాను. పడవల మాట మేమెందుకు లెక్కచేయలేదో కూడా విడమరిచాను. జవాబు రాకపోతే నాలుగోది రాస్తానని, బతికున్నన్నాళ్లూ రాస్తూనే ఉంటానని, సిరా నా దగ్గర చానా ఉందని చివర చేర్చాను.

చేలో తొలికాయ ఎరుపు తిరిగే రోజుల్లో కంపెనీ నుంచి కవరు వచ్చింది. కింద ఒక ఆడమనిషి సంతకం ఉంది. మా పక్కింటి అమ్మాయిని వెంటబెట్టుకుని ఆసామి ఇంటికి పోయి, వసారాలో నిలబడి, పక్కింటివాళ్లకు కూడా వినపడేటట్టు చదివాను.

“అయ్యా, మీ మూడు ఉత్తరాలూ చదివాను. ఆ సూచన మీ జిల్లాది కాదు. ఉత్తరాన చలి సముద్రం ఒడ్డున సేద్యం చేసుకునేవారి కోసం రాసింది. అది ఎక్కడికి వెళ్లాలో ఎక్కించేటప్పుడు తప్పు చేసింది మేము. ఆ రైతు మేం చెప్పింది చెప్పినట్టు చేసింది. అందులో ఆమె తప్పు ఏమీ లేదు. ఈ కాగితం ఎవరికి చూపించాలో వారికి చూపించండి. పడవల మాట మీరు ఏరేసుకుంటారన్న సంగతి ఇక్కడ మాకెవరికీ తెలియదు. ఇకమీదట మీ జిల్లాకు మేం పంపే సూచనల్లో పడవల మాట ఉండదు. ఎప్పుడైనా ఉంటే అది మీది కాదు. నమ్మకండి.”