డెబ్భై ఒకటో సందేశం

ఆ బస్టాండులో ఇరవై రెండేళ్లుగా బస్సుల వేళలు చెప్పేది ఒకే ఒక్క గొంతు. ఆ గొంతుగలావిడకో పేరుందని హాజరుపట్టీకి మాత్రమే తెలుసు. మిగతా అందరికీ ఆవిడ మైకమ్మ. మూడో ప్లాట్‌ఫారం పైన, అద్దాల కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడుందో చెబుతుంది. బస్సు గంటన్నర ఆలస్యమైనా, దారిలో టైరు పేలి కూలబడినా ఆ గొంతులో తేడా ఉండదు. దెబ్బలాడదామని మెట్లెక్కి వచ్చిన ప్రయాణికులు ఆవిడ ముఖం చూసి, మంచినీళ్లడిగి తాగి, దిగి వెళ్లిపోయిన సందర్భాలున్నాయి.

నలభై ఒకటో ఏట మైకమ్మ హామ్ రేడియో పరీక్ష రాసింది. బల్ల మీద ఒక సెట్టు, మేడ మీద రెండు కర్రల మధ్య తీగ, చేతిలో లైసెన్సు ఉంటే చాలు, ఫోనూ టవరూ అక్కర్లేకుండా ఎంత దూరమైనా మాట్లాడవచ్చని డిపో ఎలక్ట్రీషియను మాటవరసకి చెప్పాడు. చెప్పి మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు. టిక్కుటక్కు శబ్దాలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ కూడా రావాలన్నారని, ఆర్నెల్లపాటు భోజనాల దగ్గర చెంచాతో పళ్లెం మీద సాధన చేసింది. అత్తగారు ఒక వారం ఓర్చుకుంది. రెండో వారం కొడుకుని పిలిచి, "ఒరేయ్, నీ పెళ్లాం కూర కోసం కొడుతోందో, నా మీద కోపంతో కొడుతోందో కాస్త కనుక్కో," అంది. టైలరయిన ఆ కొడుకు కనుక్కోలేదు. చేతిలో కత్తెర ఉన్నప్పుడు ఆయన మాట్లాడడు. లేనప్పుడు కూడా పెద్దగా మాట్లాడడు.

మేడ మీద తీగ పిడుగుల్ని పిలుస్తుందని కింద వాటా ఆయన గొడవకొచ్చాడు. మైకమ్మ ఆయన్ని కూర్చోబెట్టి పిడుగుని నేలలోకి దింపే ఎర్తింగు అంటే ఏమిటో గంటసేపు వివరించింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. పిడుగే నయమన్నాడని వాళ్లావిడ తర్వాత చెప్పింది.

ఏటికి అవతల, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో పంపుసెట్లు బాగుచేసే మెకానిక్ ఒకతనికి కూడా ఇలాంటి లైసెన్సే ఉంది. తొమ్మిదేళ్లుగా రోజూ ఉదయం ఏడింటికి ఇద్దరూ రేడియోలో పలకరించుకునేవారు.

"ఎలా వినిపిస్తున్నానక్కగారూ? ఓవర్."

"బాగా వినిపిస్తున్నావు తమ్ముడూ. మీ దగ్గర వాన పడిందా? ఓవర్."

ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నీ వంతని. పడిందో లేదో అతను చెప్పేవాడు. తర్వాత బ్యాటరీల సంగతి వచ్చేది. నెలకోసారి మాత్రం వరదో తుపానో వచ్చిందనుకుని సందేశాలు పంపే సాధన చేసేవారు. దానికి పద్ధతుంది. ప్రతి సందేశానికీ ఒక నంబరు. ఎవరి నుంచి, ఎవరికి అన్నది ముందు చెప్పాలి. ఇరవై ఐదు మాటలు మించకూడదు. రాసిచ్చింది రాసిచ్చినట్టే చదవాలి, అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించాలి. ఇది ఉత్తుత్తి సందేశం సుమా అని మొదటా చివరా చెప్పాలి. అప్పటిదాకా వాళ్లు పంపినవన్నీ ఉత్తుత్తివే.

ఆ సంవత్సరం మూడు రోజులు తెరిపి లేకుండా వాన పడింది. నాలుగో రోజు ఉదయం ఏడింటికి మెకానిక్ గొంతు వినిపించింది. "అక్కగారూ, వీధిలో మోకాల్లోతు నీళ్లు. ఎగువన చెరువు కట్ట తెగిందంటున్నారు. సెట్టు హైస్కూలు మేడ మీదకి చేరుస్తున్నాను. ఓవర్."

పదింటికి వంతెన మూసేశారు. పదకొండింటికి ఫోన్లు మూగబోయాయి. బస్సులన్నీ రద్దయ్యాయని మైకులో చెప్పేసరికి మైకమ్మకు ఆ పూట ఉద్యోగం అయిపోయింది. ఆవిడ డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి ఒక బస్సు బ్యాటరీ, బస్టాండు వాటర్ ట్యాంకుకి తీగ కట్టుకునే అనుమతి అడిగింది.

"ఏ బస్సుదమ్మా?" అన్నాడు మేనేజరు, ఆలోచనలో పడి.

"ఏదైనా ఒకటే సార్. ఏదీ కదలదు కదా."

టైలరు రేడియో సెట్టుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి సైకిలు మీద తెచ్చాడు. బల్ల మీద పెట్టి, భార్యని ఒకసారి చూసి, టిఫిన్ డబ్బా కూడా పక్కన పెట్టి వెళ్లాడు. పన్నెండున్నరకి అవతలి ఊరు పలికింది. హైస్కూలు మేడ మీద మూడు వందల పదిమంది ఉన్నారు. నీళ్లు మెట్ల సగానికి వచ్చాయి. వాళ్లలో నెలలు నిండిన మనిషి ఒకామె, ఇన్సులిను మీద బతికేవాళ్లు నలుగురు. పడవలు కావాలి.

మైకమ్మ ఆ సందేశం రాసుకున్న కాగితం పట్టుకుని, బస్టాండు ఆఫీసులోనే మకాం పెట్టిన సహాయ కార్యక్రమాల ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆయన రెండు రోజులుగా నిద్రలేని మనిషి. చదివి, నుదురు రుద్దుకున్నాడు.

"పడవలు బయల్దేరాయని చెప్పమ్మా. ధైర్యంగా ఉంటారు."

"ఎన్ని గంటలకి బయల్దేరాయి సార్?"

"టైమెందుకిప్పుడు?"

"బస్సుకైనా టైము చెప్తాను సార్." ఆవిడ ఒక ఖాళీ కాగితం ఆయన ముందుకు జరిపింది. "ఎన్ని పడవలు, ఎన్నింటికి అన్నది రాసి కింద సంతకం పెట్టండి. ఉన్నదున్నట్టు చదివేస్తాను."

ఆఫీసరు కలం తీశాడు. కాగితం వైపు చూశాడు. కలం మూత పెట్టేశాడు. లేచి జీపెక్కి వెళ్లిపోయాడు. మూడు గంటల తర్వాత గుండెలదాకా తడిసి వచ్చి, నిలబడే రాశాడు: నాలుగు పడవలు, ఒక డాక్టరు, మూడూ నలభైకి బయల్దేరినవి. సంతకం అడ్డదిడ్డంగా వచ్చింది. మైకమ్మ చదివింది, మెకానిక్ తిరిగి చదివాడు. అతని వెనక జనం కేకలు వినబడ్డాయి. పడవలు ఐదూ పదికి చేరాయి. మొదటి పడవ ఎక్కించిన ఆ నెలలు నిండినామెకి మర్నాడు ఆడపిల్ల పుట్టింది.

సంగతి తెలిసి, బస్టాండులో చిక్కుకుపోయిన జనమంతా మెట్ల మీద వరస కట్టారు. ఒక పెద్దావిడ తన వంతు రాగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఇరవై ఐదు మాటల్లో కోడలితో ఏం మాట్లాడతామమ్మా?"

"క్షేమంగా ఉన్నానని చెప్పండి."

"అది రెండు మాటలు. మిగతా ఇరవై మూడూ?"

మిగతా ఇరవై మూడింటిలో ఆవిడ బియ్యం డబ్బా అటకెక్కించమంది, ఎక్కించి ఉండదని కూడా అంది. మైకమ్మ ఒక్క అక్షరం మార్చకుండా పంపింది.

అవతలినుంచి వచ్చేవాటిని మైకులో చదివేది. "ప్రయాణికులకు మనవి. కిరాణా కొట్టాయన తమ్ముడికి అన్నగారి సందేశం. అందరం క్షేమం. గేదె ఈదుకుంటూ వెళ్లింది. ఎటో తెలియదు." పది గంటల బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పే గొంతే అది. కింద జనం బస్సు కోసం విన్నట్టే విని, తమది కాకపోతే ఊపిరి పీల్చుకునేవారు. తమదైతే ఏడ్చేవారు, క్షేమమని చెప్పినా సరే.

మర్నాడు మధ్యాహ్నానికి అవతలినుంచి వచ్చినవి డెబ్భై అయ్యాయి. అక్కడ పడవలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మెకానిక్ గొంతు బొంగురుపోయింది. "డెబ్భై ఒకటి, రాసుకోండి," అన్నాడు. "పంపుసెట్ల మెకానిక్ నుంచి, పడవల వాళ్లకి. మా నాన్న కనిపించడం లేదు. నిన్న తొమ్మిదింటినుంచి. వయసు డెబ్భై ఎనిమిది. గోధుమరంగు స్వెటరు. కుడి చెవి వినపడదు. దయచేసి వెతకండి. ఓవర్."

మైకమ్మ రాసింది. తిరిగి చదవాలి. చదవలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి పద్ధతి తప్పి అడిగింది.

"నిన్న తొమ్మిదింటినుంచా? ఇప్పుడా చెప్పేది?"

"ముందు డెబ్భై ఉన్నాయి కదక్కగారూ. సెట్టు ముందు మేడెక్కించాను. ఆయన్ని తీసుకెళ్దామని ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది. మనిషి లేడు. ఓవర్."

ఆవిడ సందేశం తిరిగి చదివింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. నకలు రాసి ఆఫీసరుకి పంపించింది. వంతెన మూసేలోపు లారీల మీద కొందరు ఇవతలికి వచ్చారని గుర్తొచ్చి, మైకులో కూడా రెండుసార్లు చెప్పింది. ఎవరూ పలకలేదు. గోధుమరంగు స్వెటరు వేసుకున్నవాళ్లెవరూ లేరని ప్లాట్‌ఫారాల కాపలా మనిషి వచ్చి చెప్పాడు.

కుడి చెవి వినపడని మనిషిని మైకులో పిలవడమేమిటని అప్పుడు తట్టిందావిడకి. డ్యూటీలో ఉండగా ఎన్నడూ కుర్చీ వదలని మనిషి మెట్లు దిగింది. కనిపించిన ప్రతి ముసలాయన ఎడమ చెవి దగ్గరా వంగి అడగసాగింది. ఇద్దరు ఉలిక్కిపడ్డారు. ఒకాయన తిట్టాడు.

ఆరో ప్లాట్‌ఫారం చివర, కమ్మీ మీద స్వెటరు ఆరేసుకుని, చొక్కాతో ఒకాయన కూర్చున్నాడు. ఆవిడ అడక్కముందే ఆయనే అడిగాడు.

"మా ఊరి బస్సెప్పుడమ్మాయ్? నిన్నటినుంచి చూస్తున్నాను. చెప్పే నాథుడు లేడు."

మైకమ్మ పక్కన కూలబడింది. ఆయన ఊరి పేరు అడిగింది, కొడుకు పని అడిగింది. అన్నీ సరిపోయాయి. పక్కింటివాళ్లు లారీ ఎక్కించారట. మీవాడికి కబురు పెడతామన్నారట. ఇక్కడ దిగాక తమ చుట్టాలింటికి రమ్మంటే, బస్సుకి ఇంటికి పోతానని ఈయనే వెళ్లలేదట.

"బాబాయ్ గారూ, మీ అబ్బాయి మీ కోసం వెతుకుతున్నాడు."

"వాడికి ముందా డబ్బా కావాల్సి వచ్చింది," అన్నాడాయన, రోడ్డు వైపు చూస్తూ.

మైకమ్మ ఏమీ సర్దిచెప్పలేదు. అది ఆవిడకి చేతకాదు. నిన్నటినుంచి ఆ డబ్బాలో వచ్చిన సందేశాల రిజిస్టరు చంకలోనే ఉంది గనక, తీసి మొదటినుంచీ ఎడమ చెవిలో చదివింది. మెట్ల సగానికి వచ్చిన నీళ్లు, నిండు చూలాలు, ఇన్సులిను, గేదె. పెద్దాయన ఊఁ కొడుతూ విన్నాడు. డెబ్భై ఒకటోది విన్నాక ఊఁ కొట్టలేదు. "నన్నడిగితే మోయడానికి నేనూ ఒక చెయ్యేసేవాణ్ణి కదా," అన్నాడు. తర్వాత ముక్కు చీదుకుని, "రాసుకో," అన్నాడు.

ఆవిడ పైకెళ్లి చదివింది. "నాన్న నుంచి, మెకానిక్‌కి. బస్టాండులో ఉన్నాను. స్వెటరు ఆరుతోంది. ఇక్కడ టీ బాగాలేదు. నువ్వు అక్కడి పని చూసుకో. ఆ డబ్బా తడవనీకు. ఓవర్."

అవతల మెకానిక్ తిరిగి చదవడం మొదలుపెట్టాడు. టీ దాకా బాగానే వచ్చాడు. ఆపైన మాటలు ముక్కలైపోయాయి.

"చివరి రెండు వాక్యాలు అందలేదు తమ్ముడూ. మళ్లీ చదువు. ఓవర్."

మళ్లీ చదివాడు. ఈసారి అన్నీ ఉన్నాయి.

వరద వచ్చిన ఆరో రోజు వంతెన తెరిచారు. మెకానిక్ మొదటి లారీ మీద వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో ఉన్నాడు. గొంతుని బట్టి మైకమ్మ పొడుగు మనిషిని ఊహించుకుంది. తండ్రి అతన్ని ఎగాదిగా చూసి, "గడ్డం గీసుకోలేదేం?" అన్నాడు. అతను నవ్వబోయి, అక్కడే కమ్మీ పట్టుకుని ఏడ్చాడు. మైకమ్మ రెండు టీలు తెప్పించి, బస్సు వేళ చెప్పాల్సి ఉందని పైకి వెళ్లిపోయింది.

ఆ వారమే పత్రికనుంచి ఒకాయన వచ్చి, మొత్తం మీద ఎంతమందిని కాపాడారని అడిగాడు. ఆవిడ రిజిస్టరు తీసింది. వచ్చినవీ వెళ్లినవీ కలిపి రెండు వందల పన్నెండు సందేశాలని, అందులో తప్పులు రెండని చెప్పింది. ఒకటి మందు పేరులో ఒక అక్షరం. అక్కడి కాంపౌండరు పట్టుకుని సరిచేశాడు కాబట్టి గండం గడిచింది. రెండోది, ఒకరి చిన్నమ్మని చిన్నమ్మాయి అని రాసుకోవడం. దానివల్ల ఒక ఇంట్లో లేని కూతురి గురించి సాయంత్రందాకా కంగారు పడ్డారు. ఈ రెండూ ఎలా జరిగాయో ఆవిడ ఇరవై నిమిషాలు వివరించింది. పత్రికాయన మొదట్లో రాసుకున్నాడు, తర్వాత తలూపాడు. అచ్చులో ఆఫీసరుగారి ఫొటో వచ్చింది. ఆవిడ దాన్ని చూసి, కింద రాసిన పడవల సంఖ్య సరిగ్గానే ఉందంది.