బాలశౌరిగారి సీలీహామ్

బాలశౌరిగారికి సీలీహామ్ జబ్బు. మందు లేదు. మీరు ఏ సంగతి ఎత్తినా సరే, అది తిరిగి తిరిగి సీలీహామ్ టెర్రియర్ అనే కుక్కజాతి దగ్గరికే వచ్చి ఆగేది. కిరసనాయిలు దొరకడం లేదంటే, "సీలీహామ్‌కి దీపంతో పనేముందండీ, చీకటి బొరియలో దూరి పని ముగించుకొస్తుంది" అనేవారు. చావింటికి పరామర్శకు వెళ్ళినప్పుడు, పోయినాయన ఎంత మొండిమనిషో ఇంట్లోవాళ్ళు చెప్పుకుని ఏడుస్తుంటే, "అచ్చం సీలీహామేనండి మహానుభావుడు" అని తనూ కళ్ళు తుడుచుకున్నారు.

పోనీ ఆయన దగ్గర కుక్క ఉందా అంటే, లేదు. ఆయన రైల్వేలో కుర్రతనంలో చేరినప్పుడు బెజవాడలో ఒక దొర దగ్గర సీలీహామ్ ఉండేదట. సాయంత్రాలు దాన్ని కాలవగట్టు మీద తిప్పే పని ఈయనది. స్వతంత్రం రాగానే దొర వెళ్ళిపోయాడు, కుక్కా వెళ్ళిపోయింది. దాని చరిత్ర మాత్రం బాలశౌరిగారి దగ్గరే ఉండిపోయింది. ఆయన గార్డుగా రిటైరయ్యాక ఆ చరిత్రకి ఇరవైనాలుగు గంటలూ డ్యూటీయే.

ఆ డ్యూటీకి మొదట బలయ్యేది రావమ్మ. గుణదలలో రోడ్డు మలుపున ఇడ్లీలు అమ్ముకునే మనిషి. మొగుడు పోయాక ఆమెకి ఇంట్లో తోడంటూ ఉన్నది నల్లోడు ఒక్కడే. నల్లోడు కుక్క. రాత్రి గుమ్మంలో అడ్డంగా పడుకుని, తెల్లవారుజామున ఆమె వెంట పొయ్యి దగ్గరికి వచ్చేవాడు. బాలశౌరిగారు పొద్దున్నే బల్ల మీద చేరి, ఇడ్లీ ముట్టకుండా నల్లోణ్ణి ముట్టేవారు.

"దీన్ని కూడా కుక్కంటారా, రావమ్మా? ఏంటా కాళ్ళు, కొంగకి మల్లే! గడ్డమేదీ?"

"మా వాడికి గడ్డమెందుకండీ బాబాయిగారూ, వాడేమన్నా సన్నాసా?"

"దవడ బలం ఉందేమో చూద్దాం" అంటూ ఆయన ఒక ఇడ్లీ విసిరేవారు. ఒక దవడకి ఒక ఇడ్లీ, రెండో దవడకి ఇంకొకటి. "ఊహూ, లాభం లేదు. రేపు మళ్ళీ పరీక్ష పెట్టాలి" అని లేచిపోయేవారు. ఆయన ఫలహారం సగం పరీక్షకే ఖర్చవుతోందన్న సంగతి కోపంలో ఉన్న రావమ్మకి తట్టేది కాదు. కన్నబిడ్డకి వంకలు పెట్టినట్టు ఒళ్ళు మండిపోయేది.

ఆయన గుళ్ళో కూడా ఊరుకోలేదు. అంతోని ఫాదరుగారు నోవా ఓడ గురించి ప్రసంగం చేసి బయటికి రాగానే పట్టుకున్నారు.

"ఫాదర్, ఆ ఓడలో సీలీహామ్ లేదండి."

"ఎందుకు లేదు శౌరీ? అన్ని ప్రాణులూ ఎక్కాయి కదా."

"అప్పటికింకా ఆ జాతి పుట్టలేదండి, పోయిన శతాబ్దంలోది. లేకపోవడమే మంచిదైంది లెండి. ఉంటే తవ్వి తవ్వి ఓడకి బొక్క పెట్టేది."

ఆ ఏడు ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి జనం లక్షల్లో వస్తారని కుక్కల బండి ముందే వచ్చింది. ఇడ్లీ ఆవిర్లు చూసుకుంటున్న రావమ్మ తలెత్తేసరికి నల్లోడి మెడకి ఉచ్చు పడింది. ఆ బండెక్కిన కుక్క తిరిగి రాదని గుణదలలో తెలియనివాళ్ళు లేరు. ఆమె గరిటె పారేసి పరిగెత్తి నల్లోణ్ణి కావిలించుకుంది.

"నా కుక్కండి బాబూ! నాకు వీడు తప్ప ఎవరూ లేరండి!"

శానిటరీ ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణారావు చెడ్డవాడు కాదు, రూలు మనిషి. "నీదైతే మెడలో బెల్టేదమ్మా? బెల్టు లేకపోతే ఊరకుక్కే. ఎక్కించండ్రా."

"ఆగండి!" బల్ల మీంచి బాలశౌరిగారు లేచారు. తన ప్యాంటు బెల్టు సర్రున లాగి నల్లోడి మెడకి రెండు చుట్లు చుట్టి బిగించారు. ఒక చేత్తో జారుతున్న ప్యాంటు పట్టుకుని, రెండో చేతి వేలెత్తారు.

"ఇది ఊరకుక్క కాదండి. సీలీహామ్ టెర్రియర్."

రావమ్మ ఏడుపు ఆపేసి నోరు తెరిచింది.

"వేల్సు దేశంలో ఒక కెప్టెన్ దొర ఏళ్ళ తరబడి కష్టపడి తయారుచేసిన జాతండి. ఏట్లో చేపలు తినే నీటికుక్కల్నీ, బొరియల్లో దాక్కునే జంతువుల్నీ వేటాడ్డానికి. ఒకప్పుడు రాజకుటుంబాలు పెంచాయి, సినిమావాళ్ళు ఎగబడ్డారు. ఇప్పుడు అక్కడే అరుదైపోయింది. పొట్టి కాళ్ళు, తెల్లటి బొచ్చు, ఇంత గడ్డం..."

ప్రాణం మీదికొచ్చినా సరే, చరిత్రలో అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు. ఇన్‌స్పెక్టరు నల్లోణ్ణి కిందినుంచి పైకి చూశాడు.

"పొట్టి కాళ్ళన్నారు. ఇవి పొడుగ్గా ఉన్నాయేంటండీ?"

"కృష్ణా నీళ్ళండి. మన డెల్టాలో ఏది వేసినా ఏపుగా పెరుగుతుంది కదా."

"తెల్లటి బొచ్చన్నారు?"

"లోకోషెడ్డు పక్కన పుట్టాడండి. ఆ బొగ్గు పొగలో మీరైనా, నేనైనా అంతే."

"మరి గడ్డం?"

బాలశౌరిగారు తడబడ్డారు. అటూ ఇటూ చూశారు. రావమ్మ నల్లోణ్ణి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన మేరీమాత గుడి ఉన్న గుట్ట వైపు తిరిగి శిలువ గుర్తు వేసుకున్నారు.

"మేరీమాతకి మొక్కండి. తలనీలాలతో పాటు గడ్డం కూడా ఇచ్చేశాడు."

ఉచ్చు పట్టుకున్నవాడు పగలబడి నవ్వి ఉచ్చు వదిలేశాడు. ఇన్‌స్పెక్టరు మీసాల చాటున నవ్వు నొక్కుకున్నాడు. "బెల్టుంది. పెంపుడుదే. పదండ్రా" అని బండెక్కాడు.

"ఉండండి, స్వభావం చెప్పలేదు!" అంటూ బాలశౌరిగారు ప్యాంటు పట్టుకుని బండి వెంట మలుపు దాకా పరిగెత్తారు. రావమ్మ దణ్ణం పెడదామనుకునేలోగా అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఎవరో గుండుమనిషి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కనుబొమలు తప్ప తల మీద వెంట్రుక లేదు. రావమ్మ పోల్చుకునేసరికి కాసేపు పట్టింది.

"అయ్యో, ఇదేంటండీ బాబాయిగారూ?"

"మాత పేరు చెప్పి అబద్ధమాడాను రావమ్మా. ఆ మొక్కు ఎవరో ఒకళ్ళు తీర్చాలిగా. నల్లోడికా, గొరగడానికి ఏమీ లేదు."

రావమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషినా తిట్టుకున్నాను అనుకుంటూ, కొంగుతో మొహం తుడుచుకుని ప్లేటు నిండా ఇడ్లీలు పెట్టింది. ఆయన అందుకోబోయేంతలో నల్లోడు బల్ల కిందినుంచి దూకాడు. గుండు చూసి ఎవరో పరాయివాడనుకున్నాడు. పేట అదిరిపోయేలా మొరుగుతూ, ఆయన్ని బల్ల దిగనివ్వకుండా కాళ్ళకి అడ్డంపడ్డాడు.

బాలశౌరిగారు కాళ్ళు పైకి లాక్కుని, గుండు నిమురుకుంటూ మురిసిపోయారు.

"విన్నావా ఆ గొంతు? చూశావా ఆ మొండితనం? సందేహం లేదు రావమ్మా, సీలీహామే!"