భార్గవి అలిగిన రోజు

పుంగనూరులో రవికెలు కుట్టే మాధవికి ఇద్దరు పిల్లలు. భార్గవికి తొమ్మిదేళ్లు, లోకేష్‌కు ఐదు. తోడబుట్టిన ఆ అక్కాతమ్ముళ్లకు కన్నవాళ్లు లేరు. మదనపల్లెలో ఒక పిల్లల హోంలో ఉండేవారు. బిడ్డలు కలగని మాధవి, ఆమె భర్త రెడ్డెప్ప వాళ్లను మొదట ఫాస్టర్ కేర్ కింద, అంటే దత్తత కాకుండా పెంచుకోవడానికి మాత్రమే, ఇంటికి తెచ్చుకున్నారు. రెండేళ్లు దాటాక దత్తత ఖాయమైంది. ఆ రోజు రెడ్డెప్ప పాల వ్యాన్ తోలుకుంటూ చౌడేపల్లె దాకా, దారిలో కనిపించిన ప్రతి ఒక్కరి చేతిలో మైసూరుపాకు పెట్టాడు.

లోకేష్ ఎప్పుడో కలిసిపోయాడు. వచ్చిన వారానికే కుట్టుమిషన్ కింద దూరి దారపు కండెలన్నీ పీకాడు. పాల క్యానులో రెడ్డెప్ప చెప్పు వేశాడు. మాధవి దిగులంతా భార్గవి గురించే. ఆ పిల్ల అల్లరి అన్నది ఎరగదు. తిన్న కంచం తనే కడుగుతుంది. ఏం వండినా తింటుంది, ఏం కుట్టినా "బాగుండాదమ్మా" అంటుంది. తమ్ముడు ఏం పగలగొట్టినా, "నేనే పగలగొట్టినా" అంటూ వాడికి అడ్డంగా వచ్చి నిలబడుతుంది.

"ఈ బిడ్డ ఇంకా మనింట్లో సుట్టం మాదిరే ఉండాది. ఒక్కసారన్నా అలగదేం?" అని మాధవి వాపోయేది.

"పిల్లలు అలగలేదని ఏడిసే తల్లిని నిన్నే సూస్తాండా" అని రెడ్డెప్ప నవ్వేవాడు.

మొన్న వేసవిలో రెడ్డెప్ప అక్క నాగరత్నమ్మ కుప్పంలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. మాధవి ముచ్చటపడి భార్గవికి ఆకుపచ్చ పట్టుపావడ కుట్టింది. పావడకు, జాకెట్టు చేతులకు, మెడ చుట్టూ జరీ వేసింది. అద్దం ముందు నిలబెట్టి "ఎట్లుండాది?" అని అడిగితే, "బాగుండాదమ్మా" అంది భార్గవి.

భోజనాల వేళ నాగరత్నమ్మ మనవళ్లు విస్తళ్ల ముందు ఒకటే గోల. ఆమె విసుగెత్తి భార్గవి వైపు చెయ్యి చూపించింది. "ఈ బిడ్డను సూసి నేర్చుకోండిరా! వంకాయ కూర ఎంత బుద్ధిగా తింటాండాదో."

భార్గవి నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. మొహం కందగడ్డయింది.

"నాకు వంకాయంటే ఇష్టం లేదు!" అని బంతిలో కూర్చున్న అందరికీ వినిపించేలా అరిచింది. "ఈ జరీ మెడంతా గుచ్చుకుంటాంది! నేనేం బుద్ధిమంతురాల్ని కాదు!"

విస్తరి ముందు నుంచి లేచి పరుగెత్తి, బయట ఆపి ఉన్న పాల వ్యాన్‌లో దూరి తలుపు వేసుకుంది. నాగరత్నమ్మ నోరెళ్లబెట్టింది. మాధవి మాత్రం ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లి, వ్యాన్ తలుపు తట్టి లోపలికెక్కి కూర్చుంది.

"యాల అమ్మా ఇన్నాళ్లూ సెప్పలేదు?"

చాలాసేపు వెక్కిళ్లు. తర్వాత సన్నటి గొంతు. "సెప్తే మళ్లీ హోంకు పంపిస్తారేమో అనుకుంటి. నన్ను పంపిస్తే తమ్ముడిని ఎవరు సూసుకుంటారు?"

మాధవి ఎడమ చేత్తో భార్గవి కన్నీళ్లు తుడిచింది. పిల్లను దగ్గరికి లాక్కుంది. "పిచ్చి తల్లీ, యాడికి పంపిస్తాం? నువ్వు అలిగినా మా బిడ్డవే, అరిసినా మా బిడ్డవే. తమ్ముడిని సూసుకునేదానికి నేనుండాను, మీ నాయనుండాడు. నువ్వు ఆడుకో. సరే గానీ, ఇంకా ఏమేం ఇష్టం లేవో అన్నీ సెప్పు."

భార్గవి అనుమానంగా చూసింది. "సెప్తే ఏడవ్వు కదా?"

"ఏడవను."

"రెండు జడలు గట్టిగా లాగేస్తావు. ఉప్మా ఇష్టం లేదు. నువ్వు కుట్టిన పసుపు గౌను, పువ్వుల గౌను, చేతులు బుగ్గల మాదిరి లేస్తాయే అది..."

"ఒక్కటన్నా బాగుండాదా?"

పిల్ల వేళ్లు మడిచి ఒక్కొక్కటీ లెక్కేసుకుంది. "జేబులుండేది."

మాధవి పకపకా నవ్వింది. భార్గవి ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఏమైందోనని వచ్చిన రెడ్డెప్ప తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "ఏమైందప్పా మీకు?"

"నీ కూతురు అలిగింది. పోయి వంకాయ లేకుండా ఇంకో విస్తరి వేయించు" అంది మాధవి గర్వంగా.

ఇప్పుడు ఆ ఇంట్లో పేచీ లేని పూట లేదు. భార్గవి వారానికి రెండుసార్లు అలుగుతుంది. తమ్ముడు చేసిన తప్పులు తన నెత్తిన వేసుకోవడం మానేసి, వాడి మీద చాడీలు చెబుతోంది. మొన్న ఆదివారం వ్యాన్‌లో ముందు సీటు కోసం ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మాధవి విడదీసి లోకేష్‌ను ముందు కూర్చోబెట్టింది.

"నువ్వెప్పుడూ వాడి పక్కే!" అని భార్గవి ఇంట్లోకి పరుగెత్తి ధనామని గది తలుపు వేసుకుంది.

మాధవి వంటింట్లోకి వెళ్లి పెనం పెట్టి, కారం దోసె పోసింది. వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వెళ్లింది.

"నాకు రెండు!" అని లోపలి నుంచి కేక వినిపించింది.